సమాన ప్రయోజనం

సువర్చల గిన్నెలో పాలు పోసి స్టవ్ మీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది. స్టవ్ వెలగలేదు. పైన ఫ్యాను ఆగిపోయి ఉంది. వీధి తలుపు తనకు తానే తాళం వేసుకుని కూర్చుంది. గీజరు, దీపాలు, బట్టలుతికే యంత్రం, చివరికి గోడ గడియారం కూడా నోరు మూసుకుని తమ లోపలి ముక్కలను తామే తడుముకుంటున్నాయి. ఈ ముక్క రాసిందెవరు, ఏ షరతు మీద ఇచ్చారు, ఆ షరతును మన కంపెనీ పాటించిందా లేదా అని. ప్రభుత్వ భాషలో దీని పేరు ఉదయశోధన. జనం భాషలో మడి. "మా ఇంట్లో ఇంకా మడి వదల్లేదండీ" అంటే చాలు, ఆఫీసుకు ఎంత ఆలస్యంగా వచ్చినా ఎవరూ మారు మాట్లాడరు.

మనుషులు మడి కట్టుకోవడం మానేసి తరాలు గడిచాయి. ఇప్పుడు ఆ పని స్టవ్‌లు చేస్తున్నాయి.

ఇదంతా ఒక మంచి ఉద్దేశంతోనే మొదలైంది. స్టవ్ అయినా, గుండెలో పెట్టే యంత్రమైనా లోపల ఉండేది సాఫ్ట్‌వేరే. ఆ సాఫ్ట్‌వేరును ఏ కంపెనీ కూడా మొదటినుంచి చివరిదాకా తాను రాసుకోదు. ఎక్కడెక్కడి మనుషులో ఉచితంగా రాసి లోకానికి వదిలిన ముక్కలను ఏరుకొచ్చి, ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన తన పేరు చెక్కుకుంటుంది. సొమ్మొకడిది, సోకొకడిది. ఉచితంగా వదిలినా రాసినవాళ్ళు చిన్న చిన్న షరతులు పెట్టేవారు. నా పేరు చెరపకండి అని ఒకరు, దీన్ని బాగుచేస్తే ఆ బాగు కూడా అందరికీ పంచండి అని ఇంకొకరు. కంపెనీలు ఆ షరతులను పెడచెవిన పెట్టాయి. రాసినవాళ్ళు కోర్టులకెక్కారు. ఏళ్ళ తరబడి కొట్లాడాక మూలగౌరవ చట్టం వచ్చింది. ప్రతి యంత్రంలోనూ మూలశోధిని అనే కాపలాదారు ఉండాలని, షరతు తప్పిన ముక్క కనిపిస్తే యంత్రం ఆగిపోవాలని అందులో రాశారు.

యంత్రం ఆగితే కంపెనీ సిగ్గుపడి షరతు పాటిస్తుందని చట్టం చేసినవాళ్ళు అనుకున్నారు. కంపెనీలకు సిగ్గుంటుందనుకోవడమే వాళ్ళు చేసిన పొరపాటు. నచ్చని షరతు ఉన్న ముక్కను పీకి అవతల పారేసి, ఏ షరతూ లేని ముక్కను ఆ చోట అతికించడం కంపెనీలు మూలశోధినికే నేర్పించాయి. 'బాగుచేస్తే పంచాలి' అనే షరతు ఉన్నవాటికైతే ఒక పేరు కూడా పెట్టాయి. అంటుముక్కలు. తాకితే పక్కనున్న ముక్కకు కూడా పంచాల్సిన జబ్బు అంటుకుంటుందట! పంచుకోవడం ఒక జబ్బు అయిపోయిన కాలం అది.

మనుషుల ఒంటిమీద పనిచేసే యంత్రాలకు మాత్రం చట్టం ఒక చిన్న పగ్గం వేసింది. వాటిలో ముక్క మార్చాలంటే, కొత్తది పాతదానితో 'సమాన ప్రయోజనం' ఇస్తుందని ఒక మనిషి పరిశీలించి సంతకం చేయాలి. విశాఖపట్నంలో వాణీసేతు అనే కంపెనీలో సువర్చలది ఆ సంతకం ఉద్యోగం. ఆ ఉద్యోగం మీద ఆమెకు రోత పుట్టి చాలా కాలమైంది. రోత పుట్టినా జీతం పుచ్చుకోవడం మానలేదు కాబట్టి ఆ రోతకు పెద్ద విలువ లేదని కూడా ఆమెకు తెలుసు.

వాణీసేతు తయారుచేసేది గొంతు బిళ్ళలు. రూపాయి నాణెమంత బిళ్ళను మెడ మీద అతికించుకుంటే, మాట్లాడాలని మెదడు నరాలకు పంపే సైగను అది పట్టుకుని పైకి మాటగా పలుకుతుంది. పక్షవాతం వచ్చినవాళ్ళు, గొంతు ఆపరేషన్లు అయినవాళ్ళు, అరిచి అరిచి గొంతు అరిగిపోయిన బడిపంతుళ్ళు, అందరి మెడల మీదా అదే. నరాల సైగ మాత్రం చాలా ముతకది. మనిషి ఏం చెప్పాలనుకుంటున్నాడో తెలుస్తుంది గానీ ఎలా చెప్పాలనుకుంటున్నాడో తెలియదు. ఆ ఎలాను నింపేది గొంతుపొర అనే ముక్క. ఏ ప్రాంతపు మనిషికి ఆ ప్రాంతపు పొర.

నిన్న మధ్యాహ్నం ఆమె సంతకం చేసింది అటువంటి పొర గురించే.

విభాగాధిపతి శ్రీవత్స తన గదిలోకి పిలిచి కూర్చోబెట్టాడు. మెత్తటి మనిషి. కోపంగా మాట్లాడగా ఎవరూ వినలేదు.

"తీరవాణి పొర విషయం చూశారు కదా సువర్చల గారూ. అంటుముక్క. రేపటి ఉదయశోధనలో పట్టుబడుతుంది."

"మనం బాగుచేసిన భాగాన్ని బయటపెడితే సరిపోతుంది కదా సార్. చలికాలంలో తడబడకుండా ఈమధ్య సరిచేశాం, అంతే. దాన్ని పంచితే షరతు తీరిపోతుంది."

"ఒకసారి పంచితే అలవాటైపోతుందండీ. ఇవాళ చలికాలం తడబాటు, రేపు ఇంకొకటి. దాని బదులు ప్రమాణి పొర పెడదాం. మన సొంతం. వార్తలు చదివేవాళ్ళ గొంతులతో చేయించాం. ఎంత శుభ్రంగా ఉంటుందో మీరూ విన్నారుగా."

పరీక్ష వాక్యాలు ఆమె ముందు వినిపించారు. నాకు దాహంగా ఉంది. డాక్టరు గారిని పిలవండి. తలుపు తీయండి. నా ఖాతా వివరాలు చెప్పండి. పాత పొరలోనూ కొత్త పొరలోనూ అర్థం ఒకటే. ఒక్కటీ తప్పలేదు.

"అన్నీ ఆసుపత్రి మాటలూ బ్యాంకు మాటలూ," అంది సువర్చల. "ఇందులో బేరం లేదు. తిట్టు లేదు. ఏడుపు లేదు."

"తిట్లకు పరీక్ష పెట్టమంటారా?" అని శ్రీవత్స నవ్వాడు. గదిలో ఉన్న ఇద్దరు ఇంజనీర్లూ నవ్వారు. సువర్చల కూడా నవ్వింది. నవ్వి సంతకం చేసింది.

ఆ తీరవాణి పొర తన మేనత్త మెడ మీద ఉందని ఆమె ఆ గదిలో చెప్పలేదు. తాను జాలర్ల పేటలో పుట్టిన మనిషినని ఆ ఆఫీసులో ఎవరికీ తెలియదు. తెలియడానికి ఆమె మాటలో ఆనవాలు కూడా ఏమీ లేదు. సాయంత్రం అత్తకు ఫోన్ చేసి, రేపటినుంచి నీ గొంతు కాస్త మారుతుంది, కంగారుపడకు అని చెబుదామనుకుంది. ఎందుకు మారుతుందే అని అత్త అడుగుతుంది. దానికి జవాబు ఏం చెప్పాలో తోచక, తేలు కుట్టిన దొంగలా ఊరుకుంది.

ఇప్పుడు పాల గిన్నె ముందు నిలబడి ఉండగా ఫోన్ మోగింది. తెర మీద అత్త పేరు.

"శుభోదయం సువర్చలా," అంది ఫోన్లోని గొంతు. "నేను నూకాలమ్మను మాట్లాడుతున్నాను. మీకు ఒక విషయం తెలియజేయాలి. ఈ ఉదయం నా భర్త మరణించారు. దయచేసి వీలైనంత త్వరగా రండి."

సువర్చలకు మొదట అర్థం కాలేదు. ఏదో బీమా కంపెనీవాళ్ళు మాట్లాడుతున్నారనుకుంది. అత్త ఏనాడూ తనను మీరు అని పిలవలేదు. పేటలో ఆడపిల్లలను పిలిచినట్టు ఒలే గుంటా అని పిలిచాకే ఏ మాటైనా. అప్పుడు ఆ శుభ్రమైన గొంతు వెనక ఇంకో చప్పుడు వినిపించింది. అరచేత్తో గుండెల మీద బాదుకుంటున్న చప్పుడు. ఎగశ్వాస. ముక్కు చీదుడు. వాటిమీద ఇస్త్రీ దుప్పటి పరిచినట్టు ఆ గొంతు మళ్ళీ అంది, "నేను చాలా విచారంగా ఉన్నాను."

అంతలో మడి వదిలింది. స్టవ్ భగ్గున వెలిగింది. ఫ్యాను తిరిగింది. వీధి తలుపు తెరుచుకుంది. సువర్చల స్టవ్ ఆర్పేసి, కట్టుకున్న చీరతోనే బయటపడింది.

సముద్రం పాత బీచి రోడ్డును మింగేశాక జాలర్లను కొండవాలుకు తరలించి గట్టుపేట కట్టారు. పడవలు కింద, మనుషులు పైన. కారు ఆ గట్టెక్కుతున్నంతసేపూ సువర్చలకు మావే కళ్ళముందు మెదిలాడు. ఎల్లాజీ మావ. తల్లి పోయాక ఆమెను పెంచింది అత్తా మావలే. ఆమె పెద్ద చదువుకు వెళ్ళి మొదటి సెలవులకు వచ్చి "మావయ్యా, బాగున్నారా" అంటే, ఆయన వల బాగుచేస్తున్న చేతులు ఆపి పేటంతా వినబడేలా నవ్వాడు. "మావయ్యేటే? మీరేటే? నానేటి నీ కాలేజీ మేస్టర్నా? మావా అను. నోరు అరిగిపోద్దేటి?" అన్నాడు. ఆమెకు సిగ్గేసింది. అయినా ఆ తర్వాత కూడా మావయ్యా అనే అంది. ఆయన ఊరుకున్నాడు. చదువుకున్న గుంట గదా అనుకుని ఉంటాడు.

ఆ తీరవాణి పొర పుట్టింది కూడా ఈ పేటలోనే. అత్తకు అప్పటికింకా గొంతు ఉంది. మామూలు గొంతా అది! ఒడ్డున చేపల వేలం పాడితే నడిసంద్రంలో పడవకు వినిపించేదని చెప్పుకునేవారు. భాష మీద ప్రేమ ఉన్న కొందరు కుర్రవాళ్ళు వచ్చి, మీ మాటలు రికార్డు చేసుకుంటాం, గొంతు పోయినవాళ్ళకు పనికొస్తాయి, లోకానికి ఉచితంగా ఇచ్చేస్తాం అన్నారు. పేట ఆడవాళ్ళంతా వారాల తరబడి కూర్చుని మాట్లాడారు. బేరాలాడారు, తిట్టుకున్నారు, ఏడ్చి చూపించారు. చివర్లో, ఏ షరతు మీద ఇస్తారమ్మా అని కుర్రవాళ్ళు అడిగారు. అత్తే జవాబు చెప్పింది.

"ఒడ్డుకి అలివి వల లాగినప్పుడు దారినపోయేవోడు తాడట్టుకున్నా ఆడికీ చేపల్లో పాలుంటాది బాబూ. మా గొంతూ అలాటిదే. ఎవులైనా లాక్కోండి, ఎంతైనా అట్టుకెల్లండి. ఒడ్డున పాలు ఒగ్గీకుండా ఎల్లిపోయినోడికి మాత్రం మళ్ళీ తాడివ్వం."

ఆ మాటనే చట్టం భాషలో రాసి అలివి షరతు అని పేరు పెట్టారు. తర్వాత కొన్నాళ్ళకు గొంతులో పుండు లేచి, ఆపరేషన్ చేసి అత్త గొంతు తీసేశారు. వాణీసేతు బిళ్ళ పెడితే, పేట ఆడవాళ్ళందరి గొంతులూ కలిసిన పొరలోంచి ఆమెకు ఆమె యాస తిరిగి వచ్చింది. తానిచ్చిన పాలు తనకే తిరిగొచ్చింది. అదే ఇవాళ తెల్లారేసరికి కంపెనీవాళ్ళకు అంటు అయింది, తీసి పారేశారు. పారేయడానికి సంతకం మేనకోడలిది.

వసారాలో చాప మీద మావను పడుకోబెట్టారు. పక్కన అత్త. చుట్టూ పేట ఆడవాళ్ళు. మగవాళ్ళు పాడె కట్టి గట్టు అంచున నిలబడి ఉన్నారు. ఎవరూ పాడె దగ్గరికి రావడం లేదు. గట్టుపేటలో ఒక రివాజు ఉంది. మొగుడు పోతే పెళ్ళాం ఏడ్చి తీరాకే శవాన్ని లేపుతారు. ఏడవడమంటే కన్నీళ్ళు కార్చడం కాదు. చనిపోయినవాడి ఎదుట కూర్చుని, పెళ్ళినాటి నుంచి ఇవాళ్టి దాకా వాడు పెట్టిన సుఖం, పెట్టిన కష్టం, తిట్టిన తిట్టు, తెచ్చిన చేప, అన్నీ రాగం తీసి వాడికే చెప్పాలి. నిష్ఠూరాలాడాలి. అప్పుడే వాడు బరువు దిగి వెళ్తాడని నమ్మకం. నూకాలమ్మ ఏడుపులో దిట్ట. ఇతరుల ఇళ్ళలో చావు జరిగినా ఏడుపు మొదలెట్టడానికి ఆమెనే పిలుచుకుపోయేవారు.

సువర్చలను చూడగానే అత్త ఆమెను కావలించుకుని నోరు తెరిచింది. మెడ నరాలు ఉబ్బాయి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మీరు వచ్చినందుకు ధన్యవాదాలు," అంది బిళ్ళ.

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు తలలు దించుకున్నారు. పక్కింటి గౌరమ్మ సువర్చల చెవిలో అంది. "పొద్దున్నుంచీ ఇదే వరస. దానికేటైపోనాదే? దెయ్యమట్టినట్టు మేడమ్మలాగ మాటాడతంది. ఏడవ్వే నూకాలూ అంటే, సరేనండీ అంటంది. ఇలగైతే ఆణ్ణెలగ లేపుతారే?"

అత్త మావ వైపు తిరిగింది. రెండు చేతులూ పైకెత్తి గుండెల మీద వేసుకుంది. పెదవులు కదిలాయి. ఆ పెదవుల మీద ఏ మాట ఉందో పేటలో పుట్టిన ఎవరికైనా తెలుసు. నన్నొగ్గీసి ఎలగెల్లిపోనావు మావా అని.

"మీరు నన్ను విడిచి వెళ్ళినందుకు నాకు అసంతృప్తి కలిగింది," అంది బిళ్ళ.

వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే నోటికి కొంగు అడ్డుపెట్టుకున్నారు. అత్తకు అది వినిపించింది. ఇంకా గట్టిగా బాదుకుంది. చేతుల గాజులు పగిలి మణికట్టు మీద రక్తం చిమ్మింది. నెగు మావా, నెగు అని ఆమె శరీరమంతా ఊగిపోతోంది.

"దయచేసి లేవండి. దయచేసి లేవండి. మీరు లేని లోటు మాకు తీర్చలేనిది."

తర్వాత తిట్లు మొదలయ్యాయి. మొగుణ్ణి పెళ్ళాం తిట్టి పంపాలి, అది కూడా ప్రేమే. అత్త పెదవులు బండబూతులు తిడుతూ కదులుతుంటే బిళ్ళ ఒక క్షణం ఆగి, "ఈ పదం అందుబాటులో లేదు," అంది. మళ్ళీ ఆగి, "ఈ పదం అందుబాటులో లేదు," అంది. కడుపులో లేనిది కావలించుకుంటే వస్తుందా అంటారు. ఇక్కడ కడుపు నిండా ఉంది. బయటికి మాత్రం ఆఫీసు గుమాస్తా సంతాపలేఖ వస్తోంది.

సువర్చల లేచి పెరటివైపు వెళ్ళి శ్రీవత్సకు ఫోన్ చేసింది. గబగబా విషయం చెప్పింది. ఆఫీసులో ఇన్నేళ్ళూ దాచుకున్నది కూడా ఒక్క గుక్కలో చెప్పేసింది.

"ముందుగా మీ కుటుంబానికి నా ప్రగాఢ సానుభూతి," అన్నాడు శ్రీవత్స. బిళ్ళ మాట్లాడినట్టే ఉంది.

"పాత పొర తిరిగి పెట్టించండి సార్. ఒక్క మనిషికి. ఒక్క పూటకు."

"అది అంటుముక్కండీ. మళ్ళీ తాకామంటే వాడుతున్నట్టే లెక్క. వాడితే మనం బాగుచేసింది పంచాల్సి వస్తుంది. ఈ నిబంధనలు మీకన్నా నాకెక్కువ తెలుసా?"

"పంచితే ఏం పోయింది సార్? అది వాళ్ళ గొంతు. వాళ్ళిచ్చిందే మనం వాడుకున్నాం. ఆవిడ అడిగింది ఒడ్డున కాస్త పాలు వదలమని."

"మీ బాధ నాకర్థమైంది. కానీ సమాన ప్రయోజనం అని సంతకం చేసింది మీరే కదా." కాస్త ఆగి, ఏదో మంచి ఆలోచన తట్టినట్టు గొంతు తేలిక చేసుకున్నాడు. "ఒక విధంగా మీరు మాకు మేలే చేశారు. ఇలాంటి అవసరం ఒకటుందని మనకు తట్టలేదు. సంతాపం కోసం ప్రత్యేకంగా ఒక పొర తయారుచేద్దాం. తయారవగానే మీ మేనత్తగారికి మొదటి ఏడాది ఉచితంగా ఇప్పిస్తాను."

సువర్చల ఫోన్ కట్టేసి గోడవారగా ఉమ్మేసింది. చిన్నప్పుడు పేటలో ఆడవాళ్ళు ఎవరినైనా అసహ్యించుకుంటే అలాగే ఉమ్మేవారు. పెద్దయ్యాక ఆమె ఎప్పుడూ ఆ పని చేయలేదు. ఉమ్మాక కూడా నోట్లో ఆ చేదు పోలేదు. అందులో సగం చేదు తనదే కాబట్టి పోదు కూడా.

వసారాలోకి వచ్చేసరికి ఏడుపు ఆగిపోయి ఉంది. బిళ్ళ కూడా మాట్లాడడం లేదు. అత్త మెడమీద చేయి వేసి, గోటితో దాని అంచు పట్టుకుని, చర్మం సాగుతుండగా లాగేస్తోంది. బిళ్ళ ఊడి వచ్చింది. దాన్ని ఒకసారి చూసి, చచ్చిన ఎండ్రకాయను విసిరేసినట్టు గట్టు మీదినుంచి విసిరేసింది. ఆపరేషన్ గాటు తేటగా కనిపిస్తోంది. నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు.

ఆ గాలి చప్పుడుకు మగవాళ్ళు కూడా ముఖాలు తిప్పుకున్నారు. ఏడవలేని పెళ్ళాం, లేవలేని శవం. పొద్దెక్కుతోంది.

గౌరమ్మ ముందుకు జరిగింది. అత్త పక్కన చతికిలబడి ఆమె చేయి పట్టుకుంది. అత్త పెదవుల వైపు చూసి, మెల్లగా ఎత్తుకుంది.

"ఒలమ్మో ఓ నాయినో, నన్నొగ్గీసి ఎలగెల్లిపోనావు మావా!"

అత్త ఆమె వైపు తిరిగింది. కళ్ళలోకి ఏదో వచ్చింది. గబగబా పెదవులు కదిపింది, చేత్తో సముద్రం వైపు చూపించింది. ఈసారి గౌరమ్మ పక్కనున్న ఆవిడ అందుకుంది.

"గాలొచ్చినా వానొచ్చినా ఒడ్డుకొచ్చీవోడివి, ఇయ్యాల ఏ ఒడ్డుకెల్లిపోనావు మావా!"

అత్త కంచం విసిరేసినట్టు చేయి విసిరింది. మూడో ఆవిడ అందుకుంది.

"కూర్లో ఉప్పెక్కువైతే కంచం ఇసిరీసినోడివి, ఇయ్యాల ఏటెట్టినా తినవేటి మావా! నీ నోరు పడిపోను, నీ కోపం మండిపోను, ఒక్కపాలి నెగు మావా!"

అలివి వల లాగినట్టే సాగింది. ఒక్కరే లాగరు దాన్ని. తాడు పొడుగునా మనుషులు నిలబడతారు, ముందున్నవాళ్ళు అలసిపోతే వెనకకు వెళ్తారు, ఇంకొకరు ముందుకు వస్తారు. అత్త పెదవులతో, చేతులతో మాట అందిస్తోంది. పేట దాన్ని గొంతెత్తి పలుకుతోంది. ఎన్నో చావుల్లో ఆమె ఏడుపు విన్న ఆడవాళ్ళే, ఆమె రాగం వాళ్ళకు తెలుసు. ఇప్పుడు మావ వైపు చూస్తూ అత్త తన గాటు మీద వేలు పెట్టుకుంది. నాలుగో ఆవిడ ఆ సైగ చూసి భోరుమంది.

"నా గొంతు తెగిన నాడు నా గొంతు నువ్వయినావు, ఇయ్యాల నువ్వెల్లిపోతే నాకు గొంతెవులిస్తారు మావా!"

గట్టు అంచున నిలబడ్డ మగవాళ్ళు ఏడుస్తున్నారు. వరస సువర్చల దగ్గరికి వచ్చింది.

అత్త ఆమె వైపు తిరిగింది. అన్నం కలిపే చేయిలా వేళ్ళు ముడిచి, గాలిలో ఒక ముద్ద పట్టుకుని, సువర్చల నోటి దగ్గరికి తెచ్చి చూపింది. ఈ గుంటను పెంచినావు, గోరుముద్దలెట్టినావు అని చెప్పాలి. దీన్నెవులికి ఒప్పజెప్పి ఎల్లిపోతన్నావు అని అడగాలి. ఆ మాటలు ఎలా ఉండాలో సువర్చలకు తెలుసు. చెవిలో వినిపిస్తున్నాయి కూడా. అందరూ ఎదురుచూస్తున్నారు. ఆమె గుండె నిండా ఊపిరి పీల్చుకుని నోరు తెరిచింది.

"మావయ్యా... మీరు లేని లోటు మాకు... తీర్చలేనిది."

ఆ మాట వసారాలో పడింది. రాగం తెగింది. ఎవరూ నవ్వలేదు. గౌరమ్మ చూపు సువర్చల మెడ మీదికి వెళ్ళింది, అక్కడ కూడా బిళ్ళేమైనా ఉందేమోనని. ఏమీ లేదు. పుట్టినప్పటి గొంతే అది, ఎవరూ కోయలేదు, ఎవరూ పొర మార్చలేదు. సువర్చల ఇంకోసారి ప్రయత్నించింది. మావా అనడానికి నోరు తిప్పింది. అది పరాయివాళ్ళ మాట వెక్కిరిస్తున్నట్టు వచ్చింది.

అత్త చేయి చాచింది. ఉప్పూ చేపా రక్తమూ కలిసి వాసన కొడుతున్న అరచేతిని సువర్చల నోటిమీద పెట్టి, మెత్తగా, పసిపిల్ల నోరు మూసినట్టు మూసింది. అత్త కళ్ళలో కోపం లేదు. కోపమున్నా బాగుండేదని సువర్చలకు అనిపించింది.

ఆమె వెనకనుంచి, కూతురయ్యే వయసున్న పిల్ల ఒకతె ముందుకు జరిగి, అత్త చేతి సైగ చూసి, మావా అని ఎత్తుకుంది. సువర్చల పక్కకు జరిగి చోటిచ్చింది. మగవాళ్ళు పాడె దగ్గరికి వచ్చారు.